పక్క సైకిలు చప్పుడు



మాస్టారి పేరు నా వెనకున్న బ్యానరు మీద ఉంది. ఆయన బతికున్న రోజుల్లో మేమెవరం ఆ పేరు పలికి ఎరగం. డ్రిల్లు మాస్టారు అనేవాళ్లం, లేదా ఒట్టి మాస్టారు. ఈ గంటసేపూ నేను అలాగే అంటాను. ఆ అలవాటు మార్చుకోవడం నాకు చేతకాదు.

ఈ ఉపన్యాసానికి పిలిచినప్పుడు వాళ్ల పెద్దబ్బాయి నాకు ఒక పుస్తకం పంపించారు. లెక్కలు రాసుకునే పొడుగు పుస్తకం. అందులో స్కేలుతో గళ్లు గీసి ఉన్నాయి: పేరు, తరగతి, ఒంటరి, జోడు. మీలో కొందరికి గుర్తుండాలి. స్కూలు వెనక కాలువ గట్టు మీద, లాకుల దగ్గర నుంచి తాటితోపు దాకా, సుమారు కిలోమీటరు. గంట అద్దెకు తెచ్చిన సైకిళ్లు. ఒక శనివారం పొద్దున ఒక్కొక్కళ్లనీ విడిగా పంపేవారు. పై శనివారం అదే సైకిలు ఇచ్చి ఇద్దరిద్దరిని పంపేవారు. గాలి వీస్తుంటే ఆ రోజుకి మానేసేవారు. జోడుగా పంపినప్పుడు ఒకటే షరతు: ఒకడి వెనక ఒకడు నక్కి రాకూడదు, పక్కపక్కనే రావాలి. తాటితోపు దగ్గర స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడి రాసుకునేవారు. ఎందుకు రాస్తున్నారో మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ రెండు గళ్ల గురించే ఈ రోజు మాట్లాడతాను. ఒకటి నుంచి ఐదు నిమిషాల్లో అయిపోయే సైకిలు పోటీల్లో, పక్కన ఇంకొకడు ఉన్నప్పుడు మనం తొక్కే తీరు ఎందుకు మారుతుంది? నా వాదన ముందే చెప్పేస్తాను. ప్రత్యర్థి మనకు బలం ఇవ్వడు. ఉన్న బలాన్ని ఎప్పుడు, ఎంత ఖర్చు పెట్టాలో తేల్చుకునే పని ఉందే, అందులో తనూ ఒక చెయ్యి వేస్తాడు. లాభం వచ్చినా నష్టం వచ్చినా అక్కడి నుంచే వస్తుంది.

1. గాలి వాటా

ముందు గాలి సంగతి తేల్చుకోవాలి. సైకిలు పందెంలో పక్కమనిషి చేసే సాయంలో పెద్ద వాటా మనసుది కాదు, గాలిది. చదును దారిలో పందెం వేగంతో వెళ్లేవాడి శ్రమలో దాదాపు 90 శాతం గాలిని చీల్చడానికే పోతుంది. ముందువాడి చక్రాన్ని అంటిపెట్టుకుని వెళ్తే ఆ భారంలో మూడో వంతు వరకూ తగ్గుతుంది. 1899 జూన్ 30న అమెరికాలోని లాంగ్ ఐలండ్‌లో చార్లెస్ మర్ఫీ అనే ఆయన రైలుపెట్టె వెనక, పట్టాల మధ్య పరిచిన చెక్కల మీద, ఒక మైలు దూరం 57.8 సెకన్లలో తొక్కాడు. రైలు ఆయన్ని లాగలేదు. ఆయన ముందున్న గాలిని పక్కకి నెట్టింది, అంతే. నక్కి రాకూడదని మాస్టారు పెట్టిన షరతుకి అర్థం నాకు ఫిజిక్స్ చదివాక గాని తెలియలేదు.

మర్ఫీకి ఏడాది ముందు, 1898లో, ఇండియానా యూనివర్సిటీలో నార్మన్ ట్రిప్లెట్ అనే ఆయన ఒక వ్యాసం ప్రచురించాడు. ఆయనకి సైకిలు పందాలంటే ప్రాణం. 1897 నాటి పందాల అధికారిక రికార్డులు ముందేసుకుని మూడు రకాలుగా విడదీశాడు. ఒంటరిగా గడియారం మీద తొక్కినవి, ముందు దారి తీసేవాళ్ల వెనక గడియారం మీద తొక్కినవి, దారి తీసేవాళ్లూ ఉండి ప్రత్యర్థులూ ఉన్నవి. ఒంటరివాళ్ల కంటే రెండో రకంవాళ్లు మైలుకి సుమారు 34 సెకన్లు, మూడో రకంవాళ్లు దాదాపు 40 సెకన్లు వేగంగా ఉన్నారు. ఆ 34లో గాలి వాటా ఎంతో ఉంది. మిగిలిన ఐదారు సెకన్లు చూడండి. దారి తీసేవాడు రెండు చోట్లా ఉన్నాడు, పోటీపడేవాడు ఒక్కచోటే ఉన్నాడు. నా ఆసక్తి అంతా ఆ ఐదారు సెకన్ల మీదే.

అయితే మూడు రకాల్లో తొక్కినవాళ్లు ఒకే మనుషులు కారు. ఎవరికి ఏది చేతనైతే వాళ్లు దానికే వెళ్లి ఉండొచ్చు. ఇది ట్రిప్లెట్‌కీ తెలుసు. అందుకే సైకిళ్లు పక్కనపెట్టి, చేపల గాలపు చక్రాలు పిల్లల చేతికిచ్చి తిప్పించాడు, ఒకసారి ఒంటరిగా, ఒకసారి పక్కన ఇంకో పిల్లవాడితో. 40 మంది పిల్లల్లో 20 మంది జోడుగా ఉన్నప్పుడు వేగం పెంచారు. 10 మందిలో పెద్ద తేడా లేదు. మిగిలిన 10 మంది పక్కవాణ్ణి చూసి కంగారుపడి, చేతులు బిగుసుకుపోయి, ఒంటరిగా ఉన్నప్పటి కంటే నెమ్మదించారు. చాలా పుస్తకాలు ఆ మొదటి 20 మందినే చెప్పి ఊరుకుంటాయి. ఆ చివరి పది మందిని దయచేసి గుర్తుపెట్టుకోండి.

2. దమ్ము ఖాతాలు

సైక్లింగువాళ్లు పేసింగ్ అంటారు. మాస్టారు ‘దమ్ము పంచుకోరా’ అనేవారు. రెండూ ఒకటే. గీత దాకా ఉన్న దూరానికి ఒంట్లో ఉన్న శక్తిని ఎలా సర్దుతావన్నది.

కండరానికి శక్తి మూడు దారుల్లో అందుతుంది. నేను క్లాసులో దీన్ని ఇంటి ఖర్చుతో పోల్చి చెప్పేవాణ్ణి. క్రియాటిన్ ఫాస్ఫేట్ జేబులో చిల్లర లాంటిది. అడిగిన వెంటనే చేతికొస్తుంది, బలమంతా పెట్టి తొక్కితే పది సెకన్లలో చాలామట్టుకు ఖాళీ. రెండోది అప్పు. ఆక్సిజన్ రాకముందే గ్లైకోజన్‌ని విరగ్గొట్టి వాడుకోవడం. ఇది తొందరగానే దొరుకుతుంది గానీ పరిమితి ఉంది, పరిమితి దగ్గరపడే కొద్దీ తొడలు మండుతాయి, కాళ్లు మాట వినవు. మూడోది నెల జీతం, అంటే ఆక్సిజన్. అన్నిటికంటే నమ్మకమైనది, కాని ఆలస్యంగా వస్తుంది. గుండె, ఊపిరితిత్తులు పూర్తిగా అందుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. చిన్న పోటీ సగభాగం జీతం కోసం ఎదురుచూస్తూ అప్పుతో గడిపే కాలమే.

నిమిషంలో అయిపోయే కిలోమీటరు పోటీకి సర్దుబాటు పెద్దగా అక్కర్లేదు. నిలబడ్డ సైకిల్ని కదిలించి వేగానికి తేవడంలోనే చాలా సెకన్లు పోతాయి కాబట్టి మొదటి తొక్కు నుంచే ఉన్నదంతా పెట్టేయడం మంచిది. చివర్లో వేగం పడిపోయినా ఫరవాలేదు, గీత దాటాక మిగిలిన వేగంతో ఎవరికీ పని లేదు. నాలుగు కిలోమీటర్లయితే అలా కుదరదు. గాలిని ఎదుర్కొనే శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఒక చుట్టు అతివేగంగా తొక్కి ఇంకోటి నెమ్మదిగా తొక్కితే, రెండూ సమంగా తొక్కినదానికంటే ఖర్చెక్కువ. కాబట్టి గట్టిగా బయల్దేరి, వేగం అందుకోగానే నిలకడగా ఉండాలి. అప్పు చేయాలా, ఆగాలా అని క్షణక్షణం తేల్చుకోవాల్సిన పోటీ అది. తేల్చుకోవాల్సింది ఎక్కడ ఎక్కువుంటే పక్కవాడికి అక్కడ చోటెక్కువ.

అందుకే నాకు ఇండివిడ్యువల్ పర్స్యూట్ అంటే అంత ఇష్టం. 250 మీటర్ల చెక్క ట్రాక్ మీద ఇద్దరూ ఎదురెదురు వైపుల నుంచి ఒకేసారి బయల్దేరతారు. మగవాళ్లకి 16 చుట్లు. మధ్యలో 125 మీటర్ల ఎడం. ఒకరికి ఒకరి గాలి సాయం దాదాపు ఉండదు. ఉన్నదల్లా కంటి చివర కదిలే ఒక ఆకారం, కోచ్ సైగ, జనం అరుపు. దగ్గరికొచ్చి పట్టుకుంటే పోటీ అక్కడితో సరి. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ ఫైనల్లో క్రిస్ బోర్డ్‌మన్ జర్మనీకి చెందిన యెన్స్ లేమన్‌ని అలాగే పట్టుకున్నాడు. మాస్టారి షరతును ప్రపంచం ఒక క్రీడగా మార్చి ఆడుతోందన్నమాట.

2024 అక్టోబరులో డెన్మార్క్‌లోని బాలెరప్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. క్వాలిఫైయింగ్‌లో బ్రిటన్ కుర్రాడు జాష్ చార్ల్‌టన్ 3 నిమిషాల 59.304 సెకన్లకి ప్రపంచ రికార్డు పెట్టాడు. ఫైనల్లో అతనికి ఎదురుగా నిలబడ్డ ఇటలీ ఆటగాడు జొనాథన్ మిలాన్ 3 నిమిషాల 59.153 సెకన్లకి దాన్ని తీసేశాడు. ఒక్క ఉదాహరణతో ఏదీ రుజువు కాదు. కాని ఆ రికార్డు తనదైనవాడే ట్రాక్‌కి అవతలివైపు తొక్కుతుండగా ఇది జరగడం ఆలోచించాల్సిన సంగతే.

3. తెర మీద మనిషి

రుజువు కావాలంటే గాలి లేని గదిలోకి వెళ్లాలి. కదలని సైకిలు, ఎదురుగా తెర, తెర మీద తొక్కుతున్నట్టు కనిపించే ఒక బొమ్మ.

2012లో ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ యూనివర్సిటీకి చెందిన జో కార్బెట్ బృందం 14 మంది చేత 2 కిలోమీటర్లు తొక్కించింది. మొదట ఒంటరిగా. తర్వాత, నీతో సమానమైనవాడు ఒకడు పోటీకి వచ్చాడని చెప్పి. నిజానికి తెర మీద కనిపించింది వాళ్ల వాళ్ల పాత మంచి టైమే. అది తెలియక తమ రికార్డుతో తామే పోటీపడ్డారు, ఒంటరిగా తొక్కినదానికంటే వేగంగా ముగించారు. ఆ శక్తి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా కొలిచారు. ఆక్సిజన్ వాటా రెండుసార్లూ ఇంచుమించు ఒకటే. పెరిగింది అప్పు వాటా, అదీ పోటీ రెండో సగంలో. అంటే జీతం పెరగలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఇక చాలని వదిలేసిన అప్పు, పక్కన మనిషి ఉన్నాడనగానే బయటికొచ్చింది.

ఒంటరిగా ప్రాణం పెట్టి తొక్కానని ప్రమాణం చేసినవాడి దగ్గర కూడా కొంత మిగులు ఉంటుంది. అబద్ధమాడాడని కాదు. శరీరం తన భద్రత కోసం అడుగున కొంత ఉంచుకుంటుంది, ఉంచుకున్నట్టు మనకి చెప్పదు.

అదే ఏడాది నార్తంబ్రియా యూనివర్సిటీలో మార్క్ స్టోన్ బృందం 4 కిలోమీటర్లకి ఇంకో పని చేసింది. తెర మీది బొమ్మని తొక్కేవాడి మామూలు శక్తికంటే 2 శాతం ఎక్కువతో నడిపి, అది నీ పాత తొక్కుడేనని నమ్మించారు. నమ్మినవాళ్లు తమ పాత టైముని దాటారు. శక్తిలో 2 శాతమంటే వేగంలో 0.7 శాతం కూడా కాదు, ఐదు నిమిషాల పోటీలో రెండు సెకన్లు. స్పోర్ట్స్ హాస్టల్ పిల్లలు గమనించాలి. అడుగున ఉన్న మిగులు అంతే ఉంటుంది. ఎంత కావాలంటే అంత తోడుకోవడానికి అది చెరువు కాదు. తర్వాత బొమ్మని 5 శాతం పెంచి చూస్తే ఆ లాభం నిలవలేదు.

ఇంతవరకూ చెప్పినది ఎంత ఖర్చు పెట్టామన్నది. ఎప్పుడు పెట్టామన్నది ఎసెక్స్ యూనివర్సిటీలో మార్కో కోనింగ్స్, ఫ్లోరెన్‌టీనా హెటింగా వాళ్లు 2016లో చూశారు. ఇదే నాకు అన్నిటికంటే విలువైన ప్రయోగం. 12 మంది, 4 కిలోమీటర్లు. ఒకసారి తెర మీది ప్రత్యర్థి మొదట్లో దూకుడుగా బయల్దేరతాడు, ఇంకోసారి నిదానంగా. ఇద్దరిలో ఎవడున్నా ఒంటరిగా తొక్కినదానికంటే టైము మెరుగైంది. కాని మొదటి కొన్ని వందల మీటర్లలో తొక్కేవాళ్లు తమ పద్ధతి వదిలి వాడి పద్ధతి పట్టారు. వాడు దూకితే వీళ్లూ దూకారు, వాడు ఆగితే వీళ్లూ కాస్త ఆగారు. వాళ్లంతా బాగా సాధన ఉన్నవాళ్లు, 4 కిలోమీటర్లు ఎలా తొక్కాలో ఎరిగినవాళ్లు. అయినా మొదటి అరనిమిషం వాళ్లది కాకుండా పోయింది.

అదే బృందం 2018లో ఇంకో సంగతి పట్టుకుంది. పోటీకి ముందూ తర్వాతా తొడ కండరం బలం కొలిచారు. ప్రత్యర్థి ఉన్నప్పుడు పోటీ తర్వాత కండరం ఎక్కువ నీరసించింది. కాని ఎంత కష్టంగా ఉందని దారిలో అడిగితే, ఒంటరిగా తొక్కినప్పుడూ జోడుగా తొక్కినప్పుడూ దాదాపు ఒకే జవాబు. ఒళ్లు ఎక్కువ అరిగింది, అరిగినట్టు తెలియలేదు. చూపు లోపలి ఆయాసం మీది నుంచి బయటి మనిషి మీదికి మళ్లిందని నేననుకుంటాను. మా చిన్నప్పుడు కాలువ గట్టు మీద పక్క సైకిలు చైను చప్పుడు వినిపిస్తుంటే సొంత ఊపిరి చప్పుడు వినిపించేది కాదు. ఆ ప్రయోగం చదువుతుంటే నాకు ఆ చప్పుడే గుర్తొచ్చింది.

4. ఆగిపోయిన సైకిళ్లు

ప్రత్యర్థి ఉంటే ఎప్పుడూ వేగం పెరుగుతుందని ఇప్పటికి మీరనుకుంటూ ఉంటే, ట్రాక్ స్ప్రింట్ చూడండి. హైదరాబాదులో ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్‌కి వెళ్లినవాళ్లకి ఈ ఆట తెలిసే ఉంటుంది. ఇద్దరు బయల్దేరి, మొదటి చుట్టు నడక వేగంతో వెళ్తారు, ఒక్కోసారి వాలు మీద సైకిళ్లు కదలకుండా నిలబెట్టేస్తారు. ఇద్దరూ ప్రాణం పెట్టి గెలవాలనుకుంటున్నారు, ఇద్దరూ ఆగి ఉన్నారు. ముందున్నవాడు గాలిని చీల్చాలి, వెనకవాణ్ణి చూడలేడు. వెనకవాడు దాక్కోగలడు, చూడగలడు, తనకి కావలసిన క్షణంలో దూకగలడు. అందుకే ముందు వెళ్లడం ఎవరికీ ఇష్టం ఉండదు.

ఇక్కడ ప్రత్యర్థి ఉత్సాహం కాదు, సమాచారం. వాడి భుజం వంగిందా, పిరుదు సీటు మీంచి లేచిందా అన్నదాన్ని బట్టి మన ఖర్చు మొదలవుతుంది. ఒంటరిగా 200 మీటర్ల క్వాలిఫైయింగ్‌లో మంచి టైము పెట్టినవాడు ఎదురెదురు పోటీలో ఓడిపోవడం మామూలు విషయం. 2022లో ఢిల్లీ ఆసియా చాంపియన్‌షిప్‌లో మణిపూర్ కుర్రాడు రొనాల్డో సింగ్ స్ప్రింట్‌లో రజతం తెచ్చాడు. ఆ పోటీల్లో సీనియర్ల విభాగంలో మనదేశానికి అదే మొదటి రజతం. అక్కడిదాకా వెళ్లాలంటే కాళ్లు చాలవు, ఎదుటివాడి కాళ్లు చదవాలి.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు 2004 ఏథెన్స్ ఒలింపిక్స్. కిలోమీటరు టైమ్ ట్రయల్, ట్రాక్ మీద ఒక్కొక్కరే. స్కాట్లండ్ ఆటగాడు క్రిస్ హోయ్ అందరికంటే చివర. కూర్చుని చూస్తుండగా ఫ్రాన్సుకి చెందిన ఆర్నో తూర్నాన్ 1 నిమిషం 0.896 సెకన్లు పెట్టి వెళ్లాడు. హోయ్ దిగి 1 నిమిషం 0.711 సెకన్లకి స్వర్ణం తీసుకున్నాడు. అతని పక్కన ఎవరూ లేరు. ప్రత్యర్థి బోర్డు మీద ఒక అంకె అయి కూర్చున్నాడు. కాని కిలోమీటరు పోటీలో ఆ అంకెని చూసి పద్ధతి మార్చుకోవడానికి చోటు లేదు. సాధన చేసినదాన్ని చేసినట్టు చేయడమే అతని పని, అదే చేశాడు. అంత పెద్ద అంకె కళ్ల ముందు వేలాడుతున్నా తన తొక్కు తాను తొక్కగలగడం నాకు మిలాన్ రికార్డుకంటే గొప్పగా అనిపిస్తుంది.

5. ఆ పది మంది

ఇప్పుడు ట్రిప్లెట్ చివరి పది మంది పిల్లల దగ్గరికి వద్దాం.

1965లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక వివరణ ఇచ్చాడు. పక్కన మనిషి ఉంటే మనలో బాగా పాతుకున్న అలవాటు మరింత బలంగా బయటికొస్తుంది. పని వచ్చినవాడికి ఆ అలవాటు సరైనది, కాబట్టి మెరుగవుతాడు. ఇంకా రానివాడికి ఆ అలవాటు తప్పు, కాబట్టి తప్పే పెద్దదవుతుంది. నాలుగు కిలోమీటర్లు సర్దుకోవడం ఇంకా నేర్వని పిల్లవాణ్ణి దూకుడుగా బయల్దేరేవాడి పక్కన నిలబెడితే, వాడు మొదటి నిమిషంలోనే చిల్లరా అప్పూ రెండూ ఊడ్చేసి, జీతం వచ్చే వేళకి చక్రం తిప్పలేక నిలబడిపోతాడు. వాడికి గుండె లేదని అప్పుడు మనం తీర్పు చెప్తాం. వాడు చేసింది సాధన ఉన్న ఆ 12 మంది చేసిన పనే. కాకపోతే వాళ్ల దగ్గర దాన్ని తట్టుకునే నిలవ ఉంది, వీడి దగ్గర లేదు.

ఇక్కడున్న కోచ్‌లని రెండు విషయాలు అడుగుతాను. సెలక్షన్లలో ఒంటరి టైము ఒక్కటే చూసి పిల్లల్ని తీయకండి, జోడు టైము ఒక్కటే చూసి వదిలేయకండి. రెండూ చూడండి. ఒకే పక్కవాడితో కూడా కాదు, దూకేవాడితో ఒకసారి, నిదానస్థుడితో ఒకసారి. రెండోది, ప్రయోగశాలలో పనికొచ్చింది కదా అని పిల్లలకి దొంగ టైములు చెప్పి తొక్కించకండి. రెండు సెకన్లు వస్తాయి, నిజమే. కాని పదమూడేళ్ల పిల్లవాడికి మాస్టారి నోటి మాటా, మాస్టారి చేతిలో వాచీ ఒకటే. ఒకటి అబద్ధమని తెలిసిన రోజున రెండోదాన్నీ నమ్మడు. పాత టైముతో పోటీ పెట్టాలనుకుంటే, ఇది నీ పాత టైమేరా అని చెప్పే పెట్టండి.

మాస్టారి పుస్తకంలో నా పేరు ఉంది, తొమ్మిదో తరగతి. ఒంటరి గడిలో ఒక టైము. జోడు గడిలో దానికంటే అధ్వాన్నమైన టైము, పక్కన ఎర్ర ఇంకుతో చిన్న అక్షరాలు: ‘లాకులు దాటగానే అయిపోయింది.’ ఆ రోజు నా పక్కన తొక్కినవాడు పదో తరగతి కుర్రాడు, ఊళ్లోకెల్లా దూకుడు మనిషి. నేను ఇంటికెళ్లి ఏడ్చిన సంగతి నాకు గుర్తుంది. ఆయన ఏమీ అనకపోవడం కూడా గుర్తుంది. నాకు తెలియనిది పుస్తకంలో ఉంది. తర్వాతి మూడు శనివారాలు నా జోడు మార్చారు. ఒక్కోసారి ఒక్కో పిల్లవాడు, ప్రతిసారీ కిందటివాడికంటే కొంచెం దూకుడైనవాడు. నాలుగో శనివారం మళ్లీ ఆ పదో తరగతి కుర్రాడు. ఆ గడిలో ఉన్న టైము నా ఒంటరి టైముకంటే మెరుగు. ఎర్ర ఇంకు లేదు.

ఇలా ఒక్కొక్కరికీ జోడులు మార్చి రాసిన వరసలు పుస్తకం నిండా ఉన్నాయి. మూడోసారికీ టైము కుదరనివాళ్ల పేర్ల పక్కన ఒకే మాట కనిపిస్తుంది, ‘మళ్లీ చూడాలి’ అని. చివరి నాలుగు పేజీల్లో గళ్లు గీసి ఉన్నాయి, పేర్లు లేవు. అవి గీసిన ఏడే ఆయన రిటైరయ్యారు.

పుస్తకాన్ని ఈ బల్ల మీద పెడుతున్నాను. పాత విద్యార్థులు మీ మీ పేజీలు చూసుకోవచ్చు. మెల్లిగా తిప్పండి, కుట్టు వదులైపోయింది.